మా అమ్మమ్మ జాలీ బీరువాకి వేసవి ముస్తాబు

ఉగాది వెళ్ళాక వచ్చే మొదటి ఆదివారం మా వంటింట్లో నాకొక పని ఉంటుంది. జాలీ బీరువాలో ఉన్నవన్నీ కిందకి దించి, తుడిచి, వేసవికి కావలసినవి మాత్రం మళ్ళీ సర్దుతాను. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే భోజనాల వేళకి పూర్తవుతుంది. 2017 నుంచి ఏటా చేస్తున్నాను. మొదట్లో చేసిన పొరపాట్లు, తర్వాత అమ్మనీ అత్తయ్యనీ అడిగి నేర్చుకున్నవీ అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా అమ్మమ్మల నాటి సామాను అటక మీద గోనెసంచుల్లో ఉంటే ఈ వేసవిలో దాన్ని కిందకి దించండి.

ముందు ఈ బీరువా సంగతి చెప్పాలి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పాలు, పెరుగు, వండిన కూరలు ఇలాంటి దాంట్లోనే దాచేవారు. టేకు చట్రం, ఇనప జాలీ తలుపులు, లోపల నాలుగు అరలు. గాలి ఆడుతుంది కాబట్టి పదార్థం తొందరగా పాడవదు. ఈగలు వాలవు, పిల్లి మూతి పెట్టదు. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కిందా నాలుగు రాతి గిన్నెలు పెట్టి నీళ్ళు పోసేవారు. మా అమ్మమ్మ బీరువా అయిదడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. అమలాపురం దగ్గర వాళ్ళ పెంకుటిల్లు 2016లో తీసేస్తున్నప్పుడు మా మామయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, పాత చెక్కసామానంతా ఇచ్చేస్తున్నాను. నీకేమైనా కావాలా?" అన్నాడు. "బీరువా ఉంచు మామయ్యా, వచ్చి తెచ్చుకుంటాను" అన్నాను. రాజమండ్రిలో మా ఫ్లాట్‌కి వచ్చేసరికి దారిలో ఒక కాలు విరిగింది, పైన జాలీ తుప్పు పట్టి చిల్లులు పడి ఉంది. అయినా తలుపు తీయగానే లోపల ఇంకా పాత ఆవకాయ వాసన వస్తోంది. ఆ వాసనతోనే దాన్ని బాగుచేయించాలని నిర్ణయించుకున్నాను.

మీకు ఇలాంటి బీరువా లేకపోయినా ఫరవాలేదు. వంటింట్లో అద్దాల అల్మరా ఉన్నా, తలుపు తీసేసిన ఒక్క గూడు ఉన్నా ఈ పద్ధతి సరిపోతుంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. వేసవిలో ఒక్కసారైనా వాడని వస్తువుకి ఈ బీరువాలో చోటు లేదు. మొదటి ఏడాది నేను దీన్ని మ్యూజియంలా సర్దాను. ఇత్తడి బిందె, దీపపు సెమ్మెలు, పాత తాళాలు, అన్నీ వరసగా పెట్టాను. మే నెల వచ్చేసరికి వంటింటి నూనె ఆవిరి, దుమ్ము కలిసి ప్రతిదాని మీదా జిగటగా పొర కట్టేసింది. ఎవరూ ముట్టుకోలేదు మరి. రెండో ఏడాది మా అమ్మ మరచెంబు ఒక్కటి మాత్రం చేతికందే అరలో నీళ్ళు నింపి పెట్టాను. రోజూ తాగారు, రోజూ కడిగాను, వేసవంతా అది మెరుస్తూనే ఉంది. అప్పటినుంచి మిగిలినవాటికీ అదే పద్ధతి.

ముందుగా బీరువా

చెక్కసామాను అటక మీద నుంచో ఊరి నుంచో వస్తే ముందు బాల్కనీలో నీడన రెండు రోజులు ఉంచండి. నేరుగా ఎండలో పెడితే చెక్క బీటలు వారుతుంది. ఆ రెండు రోజులూ కింద పాత తెల్లగుడ్డ పరిచి ఉంచండి. చిన్న చిల్లుల్లోంచి ఆ గుడ్డ మీద పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. అలాంటిది వంటింట్లోకి తేవద్దు. వడ్రంగికి చూపించి మందు పెట్టించి, వాసన పూర్తిగా పోయాకే లోపలికి తీసుకెళ్ళండి. చెదపురుగు మట్టి గీతలు కనిపిస్తే మరీ జాగ్రత్త.

పురుగు లేదని తేలాక పొడి బ్రష్షుతో మూలలు దులిపి, గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం కుంకుడు రసం కలిపి, గుడ్డ బాగా పిండి తుడవండి. చెక్క మీద నీళ్ళు పోయకండి. పైన గరుకుగా ఉంటే 120 నంబరు గరుకు కాగితంతో చెక్క నార వెంబడి రుద్ది, తర్వాత 220తో నునుపు చేయండి. పాత రంగు వేసి ఉన్న చెక్కయితే మాత్రం పొడిగా రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పిల్లలకి చాలా చెడ్డది. కాగితం తడిపి రుద్ది, ఆ మురికిని గుడ్డతో ఎత్తేయాలి.

మెరుపు కోసం మొదటిసారి నేను కొబ్బరినూనె రాశాను. కోనసీమ మనిషిని, ఇంట్లో కొబ్బరినూనెకి లోటు లేదు. అది ఆరదు. నెల తిరిగేసరికి దుమ్మంతా అంటుకుని నల్లగా తయారైంది. చెక్కకి రాయాల్సింది అవిసె నూనె. రంగుల కొట్లో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. పలచగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఆ నూనె అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే నిప్పు అంటుకోవచ్చు. మన వేసవిలో మరీ ప్రమాదం. గుడ్డని విడదీసి బయట తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయాలి. లోపలి అరలకి నేను ఏ నూనే రాయను, ఉత్త తుడుపే.

మడతబందులు వదులుగా ఉన్నాయనిపిస్తే ఇప్పుడే సరిచేయించండి, మే నెలాఖరు దాకా ఆగకండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండకి చెక్కలో తేమ పోయి తలుపులు కుదించుకుపోతాయి. అప్పుడు బిగించారంటే జూలై వానలకి చెక్క ఉబ్బి తలుపు పడదు.

తుప్పు పట్టిన పై జాలీ తీయించేసి కొత్తది వేయించాను. కింద తలుపు జాలీ బాగానే ఉంది, ఇనప బ్రష్షుతో తుప్పు గీకి అలాగే ఉంచాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే బీరువా పై అంచుని గోడకి ఒక ఎల్ క్లాంపుతో బిగించడం మరవకండి. కింది అర పట్టుకుని ఎక్కుతారు.

అటక మీంచి దించినవి

నా దగ్గర ఉన్నవన్నీ ఒక ఇంటివి కావు. అమ్మమ్మ రాచ్చిప్ప అంటే పులుసు పెట్టే రాతి గిన్నె, పింగాణీ జాడీలు, కొలతలకి వాడే సోల, తవ్వ. అమ్మ పెళ్ళికి పెట్టిన మరచెంబు. అత్తయ్య ఇచ్చిన సత్తు గిన్నె, కంచు గిన్నె. పిన్ని పంపిన కవ్వం. మరచెంబు అడుగున చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టించి ఉన్నాయి, తాతయ్య ఇంటిపేరులో మొదటి అక్షరం, 1972 అని. గిన్నెల కొట్లో కూర్చుని చిన్న ఉలితో పేర్లు కొట్టేవాళ్ళు కదా, వాళ్ళ చేతిపని. మీ గిన్నెలు కూడా తిప్పి చూడండి. మూత లోపల, అంచు కింద, ఎక్కడో ఒకచోట పేరుంటుంది.

ఏ గిన్నె దేంతో చేసిందో తెలియకుండా తోమడం మొదలుపెట్టకండి. అయస్కాంతం పెట్టి చూస్తే ఇత్తడికి, రాగికి, కంచుకి అంటుకోదు. అంటుకుందంటే ఇనుము మీద ఇత్తడి పూత. కంచుని వేలి గణుపుతో కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది. ఇత్తడి అలా మోగదు. ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది, కంచులో రాగితో పాటు తగరం ఉంటుంది. తగరం ఎక్కువ ఉండడం వల్లే కంచు పెళుసు. చేయి జారితే సొట్ట పడదు, పగిలిపోతుంది.

సత్తు అంటే కొన్ని ఊళ్ళలో అల్యూమినియం అనుకుంటారు. మా ఇళ్ళలో సత్తు గిన్నె అంటే తగరం గిన్నె, చారు పెట్టుకునేది. తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగామా, అడుగు ఊడి పోతుంది. ముందు చింతపండు నీళ్ళు పోసి, ఆ తర్వాతే సన్నటి మంట వెలిగించాలి. అత్తయ్య ఆ గిన్నె నా చేతిలో పెట్టినప్పుడు చెప్పిన మొదటి మాట ఇదే. మా అమ్మాయికి నేనూ ఇదే చెప్పాను.

లోపల నీళ్ళు ఉంచుకునే చెంబులన్నిటినీ ఒక రాత్రి నింపి, పాత పేపరు మీద పెట్టి చూడండి. తెల్లారేసరికి పేపరు తడిస్తే చిల్లు ఉన్నట్టు. దాన్ని పూలకో గరిటెలకో వాడుకోవచ్చు.

తోమడం

ఇత్తడి, రాగి: నానబెట్టిన చింతపండు, కొంచెం కళ్ళుప్పు. వేళ్ళతో రుద్దండి, స్టీలు పీచు వద్దు. పేరు కొట్టించిన చోట మరీ నెమ్మదిగా. నలభై ఏళ్ళు ఇటుక పొడితో తోమి తోమి మా పిన్ని ఇంట్లో ఒక బిందె మీద పేరే అరిగిపోయింది, ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. చింతపండుతో రుద్దాక రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తడితో వదిలేస్తే మర్నాటికే మచ్చలు పడతాయి. తుడిచాక అరగంట ఎండలో బోర్లిస్తే కీళ్ళలో, మూత మరల్లో ఉన్న తడి కూడా పోతుంది. మరచెంబు మరలకి పాత టూత్‌బ్రష్షు వాడతాను.

ఆకుపచ్చ చిలుము కనిపిస్తే అది విషం. పూర్తిగా పోయేదాకా ఆ గిన్నెలో ఏమీ పోయకండి. పులుపు పదార్థాలు, మజ్జిగ, నిమ్మరసం ఇత్తడిలో, రాగిలో అసలు ఉంచకూడదు. ఇత్తడి గిన్నెలో వండాలంటే లోపల కళాయి, అంటే తగరం పూత ఉండాలి. మా చిన్నప్పుడు కళాయి వేసే అతను వీధిలోకి వచ్చి, అరుగు పక్కనే గుంట తవ్వి, తిత్తితో నిప్పు రాజేసి, కాలిన గిన్నెలో నవసాగరం పొడి చల్లి, తగరం తాకించి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె లోపలంతా వెండిలా అయిపోయేది. ఇప్పుడు వీధిలోకి ఎవరూ రావడం లేదు. ఇత్తడి సామాను అమ్మే పాత కొట్లలో అడిగితే ఎవరి దగ్గర వేయించుకోవాలో చెబుతారు. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు. అటువైపు వాళ్ళయితే అక్కడే విచారించవచ్చు. నీళ్ళు ఉంచుకునే చెంబులకీ, గింజలు కొలిచే సోలకీ కళాయి అక్కర్లేదు.

రాచ్చిప్పకి సబ్బు తగలనివ్వకండి. ఆ రాయి సబ్బుని పీల్చుకుని తర్వాత పులుసులోకి వదులుతుంది. బియ్యప్పిండి, వేడినీళ్ళు చాలు. వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్ళు పోస్తే పగులుతుంది.

జాడీలు కడిగి మూడు రోజులు మంచి ఎండలో పెట్టాలి. లోపల మెరుపు పొర సన్నగా చిట్లి గీతలు పడిన జాడీలో ఊరగాయ పెట్టకండి. ఉప్పు, నూనె ఆ గీతల్లోంచి దిగి బయట తెల్లగా ఉప్పు పూస్తుంది, పచ్చడీ పాడవుతుంది. నా దగ్గర అలాంటి జాడీ ఒకటుంది. అమ్మమ్మ మాగాయ జాడీ అది. పారేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు అందులో కవ్వం, పప్పుగుత్తి, కొబ్బరి చిప్ప గరిటె నిలబెట్టాను. బీరువా మొత్తానికి అందరూ ముందు చూసేది దాన్నే.

కవ్వానికీ పప్పుగుత్తికీ వేడినీళ్ళు, తర్వాత నీడన ఆరబెట్టడం. అంతే.

వెనక గుడ్డ, ముందు అంచు

జాలీ బీరువా లోపల చీకటిగా ఉంటుంది. లైట్లు పెట్టించుకునేవాళ్ళున్నారు కానీ నాకు తెల్లటి గుడ్డే నచ్చింది. తాతయ్య జరీ అంచు పంచె ఒకటి మధ్యలో చిరిగి, అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. దాన్ని చిరుగు దగ్గర కత్తిరించి రెండు ముక్కలు చేసి, పైన గొట్టంలా కుట్టి, పాత కర్టెన్ల స్ప్రింగు తీగ ఎక్కించి, బీరువా వెనక చెక్కకి లోపలివైపు వేలాడదీశాను. మేకులు కొట్టలేదు, పిన్నులు గుచ్చలేదు. పిన్నులు తుప్పు పట్టి గుడ్డకి మరక చేస్తాయి. తెల్లటి గుడ్డ ముందు ఇత్తడి పసుపు, జాడీల గోధుమరంగు భుజాలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో చూడాలి. జాలీలోంచి వచ్చే కొద్ది వెలుతురునీ అది వెనక్కి కొడుతుంది. మీ దగ్గర పంచె లేకపోతే ఉతికి ఉతికి మెత్తబడిన లేతరంగు నేతచీర ముక్క తీసుకోండి. పట్టు వద్దు, వంటింటి జిడ్డుకి తట్టుకోదు.

అరల ముందు అంచులకి మా అమ్మ అల్లిన లేసు ఉంది. నరసాపురం వైపు ఆడవాళ్ళకి క్రోషా సూది పట్టడం చిన్నప్పుడే వచ్చేస్తుంది. 19వ శతాబ్దంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు ఆ ప్రాంతంలో నేర్పిన పని అది. ఇప్పుడు ఆ ఊరి పేరుతోనే నరసాపురం లేసు అంటున్నారు. అమ్మ ఆ ఊరి కోడలి దగ్గర నేర్చుకుని, నా పెళ్ళికి టీపాయి గుడ్డ ఒకటి అల్లింది. టీపాయి పోయింది, గుడ్డ మధ్యలో కాఫీ మరక పడింది. అంచు చుట్టూ ఉన్న డిజైను మాత్రం విడదీసి నాలుగు పట్టీలు చేశాను. విడదీసేటప్పుడు కత్తిరించిన చోట దారం జారిపోకుండా వెంటనే సూదితో ముడులు వేసుకోవాలి, లేకపోతే మొత్తం విడిపోతుంది. పట్టీని అరకి అంటించకుండా, అర మీద పరిచిన గుడ్డకే కుట్టాను. గుడ్డ తీసి ఉతికితే లేసూ ఉతికినట్టే.

సర్దడం

బరువున్నవి కింద, తేలికవి పైన, రోజూ వాడేవి గుండె ఎత్తులో. సామాను ఎలా ఉన్నా ఈ వరస మార్చకండి.

మా కింది అరలో మూడు జాడీలు. ఆవకాయ, మాగాయ, ఉప్పు. ఆవకాయ మే నెలలో గానీ పెట్టం, అప్పటిదాకా ఆ జాడీ మూతికి తెల్లగుడ్డ కట్టి ఖాళీగానే ఉంచుతాను. జాడీల పక్కన రాచ్చిప్ప. ఎండ పడే కిటికీకి ఎదురుగా బీరువా ఉంటే చోటు మార్చండి, ఊరగాయకి ఎండ మంచిది కాదు. పొయ్యికి కూడా కనీసం నాలుగడుగుల దూరం ఉండాలి.

రెండో అర అంటే మాకు వేసవి అర. ఇదంతా పాత హార్లిక్స్ గాజు సీసాలదే రాజ్యం. సబ్జా గింజలు, రాగిపిండి, పటికబెల్లం, సగ్గుబియ్యం, మిరియాలు, ఏలకులు. మూతలు తుప్పు పట్టాయి కాబట్టి మూత లోపల గుండ్రటి మందపాటి కాగితం పెట్టి, పైన చీర ముక్క కప్పి దారంతో కడతాను. అన్నిటికీ ఒకే చీర ముక్క వాడితే ఆ సీసాలు ఒక జట్టుగా కనిపిస్తాయి. నాది పాలపిట్ట రంగు వెంకటగిరి చీర, కొంగు చిరిగిపోయింది. శ్రీరామనవమికి పానకం కలపాలన్నా, మధ్యాహ్నం పిల్లలు బయటి నుంచి ఎర్రటి మొహాలతో వచ్చినా ఈ అర దగ్గరే అన్నీ దొరుకుతాయి. వెతుకులాట లేదు.

ఇదే అరలో సోల, తవ్వ. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అమ్మమ్మ ఆవపిండి, కారం, ఉప్పు ఈ తవ్వతోనే కొలిచేది. ఆమె చేతి లెక్క లీటర్లలోకి మార్చి రాసుకుందామని ఒకసారి ప్రయత్నించాను, రుచి కుదరలేదు. మళ్ళీ తవ్వతోనే కొలుస్తున్నాను. ఉప్పు కొలిచిన వెంటనే కడిగి తుడిచేయండి, లేకపోతే ఉప్పు ఇత్తడిని తినేస్తుంది.

మూడో అరలో మరచెంబు, కంచు గిన్నె, సత్తు గిన్నె, నాలుగు వెండి గ్లాసులు. మధ్యలో రెండేసి వేళ్ళ ఖాళీ వదలండి. కంచు గిన్నెకి ఇత్తడి తగిలేలా పెట్టకండి. ఇదే అరలో రోజూ సాయంత్రం మల్లెపూలు ఉంటాయి. కడియం వైపు నుంచి మా వీధికి బుట్టలో తెస్తారు. రెండు గుప్పిళ్ళు పాత టిఫిన్ క్యారియర్ గిన్నెలో వేస్తాను. ఆ క్యారియర్ మా నాన్నగారిది, పట్టీ విరిగిపోయి గిన్నెలు మాత్రం మిగిలాయి. జాలీ తలుపు వేసినా వాసన బయటికి వస్తూనే ఉంటుంది. జాలీ బీరువాకి ఉన్న గొప్ప సుఖం ఇదే, అద్దాల అల్మరాలో ఇది కుదరదు.

పై అరలో తాటాకు విసనకర్రలు, ఒక మేదరబుట్ట, నాలుగు ఏటికొప్పాక బొమ్మలు. అంకుడు కర్రని తిప్పుతూ లక్క రంగులు ఎక్కించి చేసే ఆ బొమ్మలు మా అమ్మాయి చిన్నప్పటివి. వాటిని నీళ్ళతో కడగకండి, పొడిగుడ్డ చాలు. విసనకర్రలు పైన ఉన్నా తీయడం తేలిక. కరెంటు పోయిన రోజు అందరి చేతులూ ముందు అటే వెళతాయి.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. వేసవిలో కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లడం చూసి, ఒక ఏడాది బీరువా లోపల కూడా తడిపిన వట్టివేళ్ళ చాప వేశాను. రెండు రోజులు వాసన అద్భుతంగా ఉంది. వారానికి చెక్కంతా బూజు పట్టింది, పంచె మీద నల్లచుక్కలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు. వట్టివేళ్ళు ఉండాల్సింది కూజాలో. ఒక పిడికెడు బాగా కడిగి, దారంతో కట్టి నీళ్ళలో వేయండి, నాలుగు రోజులకోసారి తీసి ఎండబెట్టండి. కూజాని కూడా బీరువాలో కాకుండా పక్కన ముక్కాలి స్టాండు మీద పెట్టాలి. దాని ఒంట్లోంచి తడి ఊరి గాలికి ఆరుతుంటేనే నీళ్ళు చల్లబడతాయి. మూసిన చోట పెడితే చల్లబడవు. కొత్త కూజా అయితే ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, మొదటి రెండు రోజుల నీళ్ళు పారబోసి, ఆ తర్వాత తాగండి. మా కూజా మెడకి పాత చీర అంచు తడిపి చుడతాను, పిల్లలు ఎత్తేటప్పుడు చేయి జారదు కూడా.

రోజూ, వారానికోసారి

కాళ్ళ కింద రాతి గిన్నెల్లో నీళ్ళు వారానికి రెండుసార్లు పారబోసి, లోపల గోడలు రుద్ది, మళ్ళీ పోయాలి. నిలవనీళ్ళలో వారం పది రోజుల్లోనే గుడ్డు దోమవుతుంది. చీమల కోసం పెట్టుకున్న నీళ్ళతో ఇంటికి డెంగ్యూ తెచ్చుకోకూడదు. ఆదివారం, గురువారం అని క్యాలెండర్ మీద రాసి పెట్టాను. అది మా అబ్బాయి పని. బీరువా కాళ్ళు నేరుగా నీళ్ళలో నానకుండా, గిన్నె మధ్యలో రాతి దిమ్మ ఉండి దాని మీద కాలు నిలుస్తుంది. మీ గిన్నెల్లో దిమ్మ లేకపోతే చిన్న గ్రానైటు ముక్క వేసుకోండి.

ఇత్తడిని రోజూ పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే నెలకోసారి చింతపండు చాలు. మా గోదావరి గాలిలో తేమ ఎక్కువ, తొందరగా మసకబారుతుంది. హైదరాబాదులో మా ఆడపడుచు ఇంట్లో అదే చెంబు రెండు నెలలు మెరుస్తుంది. వెండికి చింతపండు వద్దు, విభూతి పొడి చాలు.

ప్రతి వస్తువు కిందా ఒక చీటీ పెట్టండి. ఎవరిది, ఎవరి ద్వారా వచ్చింది, దాంట్లో ఏం చేసేవారు, అంతే. అట్టముక్క మీద పెన్సిలుతో రాయండి, సిరా తడికి పారుతుంది. అమ్మ ఉన్నప్పుడు నేను అడగలేదు. సోల ఎక్కడ కొన్నారో, కవ్వం ఎవరు చెక్కారో ఇప్పుడు చెప్పగలిగేది మామయ్య ఒక్కడే. ఆయనకి ఎనభై దాటాయి. మొన్న వచ్చినప్పుడు బీరువా ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్కో వస్తువూ చేతికిచ్చి అడిగాను. రాచ్చిప్ప పట్టుకుని, "ఇది మా అమ్మది కాదే, మా నాయనమ్మది. దీంట్లో పులుసు పెట్టిన రోజు మేం అన్నం రెండోసారి అడిగేవాళ్ళం" అన్నాడు. అప్పటిదాకా నేను తప్పు చీటీ పెట్టానన్నమాట. అక్కడికక్కడే మార్చాను.

మృగశిర వచ్చాక

జూన్ రెండోవారంలో మొదటి వానలు పడగానే ఈ ముస్తాబు తీసేస్తాను. పంచె, లేసు ముందు తీయాలి, తడి గాలికి జరీ నల్లబడుతుంది. ఉతికి, పూర్తిగా ఆరాక, కిందటేడు మడత పడిన చోట కాకుండా కొత్తచోట మడవండి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వను. ఎండిన వేపాకు, నాలుగు లవంగాలు పలచటి గుడ్డలో కట్టి పెట్టెలో వేస్తాను. విసనకర్రలు ఒకసారి ఎండలో పెట్టి పేపరులో చుడతాను. కూజా బోర్లించి బాల్కనీలో పెడతాను. ఆవకాయ జాడీ మాత్రం కదలదు, అప్పటికి నిండి ఉంటుంది.

ఈ ఏడాది మా అమ్మాయి హాస్టలుకి వెళుతోంది. "అమ్మా, మరచెంబు నాకివ్వు, ప్లాస్టిక్ బాటిల్ వద్దు" అంది. మూత రబ్బరు కొత్తది వేయించి ఇచ్చాను. నీళ్ళు తప్ప ఇంకేమీ పోయకూడదనీ, రాత్రి కడిగి బోర్లించాలనీ చీటీ వెనక రాశాను. ముందు వైపు అమ్మ పేరు కింద నా పేరు, నా పేరు కింద తన పేరు రాసుకుంది.